వార్డులో పుట్టే ప్రశ్నలు: ఆసుపత్రి వైద్యుల పరిశోధనపై పాఠకుల సందేహాలు

ఆసుపత్రుల్లో వైద్యం చేస్తూనే రోగులపై అధ్యయనాలు నిర్వహించే వైద్యుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. సమాధానాలు రాసినవారు ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఆచార్యులుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత, రోగులపై జరిగే అధ్యయనాలను పరిశీలించి అనుమతి ఇచ్చే ఒక ఎథిక్స్ కమిటీలో సభ్యులుగా ఉన్న వైద్యులు. ఉత్తరాలను నిడివి దృష్ట్యా సంక్షిప్తం చేశాము.

ప్రశ్న: మా నాన్నగారు న్యుమోనియాతో ఒక బోధనాసుపత్రిలో చేరారు. ఇప్పటికే వాడుకలో ఉన్న రెండు మందుల్లో ఏది మెరుగో తేల్చడానికి ఒక అధ్యయనం జరుగుతోందని, అందులో చేరతారా అని రెండో రోజు డాక్టరుగారు అడిగారు. ఎవరికి ఏ మందు ఇవ్వాలో ఆయన నిర్ణయించరట, చీటీ తీసినట్టు కంప్యూటరు నిర్ణయిస్తుందట. అంత చదువుకున్న డాక్టరు మా నాన్నకు ఏది మంచిదో చెప్పలేక లాటరీ వేయడమేమిటని భయపడి వద్దన్నాము. తప్పు చేశామా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: తప్పేమీ లేదమ్మా. వద్దనే హక్కు మీకుంది, వద్దన్నంత మాత్రాన మీ నాన్నగారికి అందవలసిన వైద్యంలో రవ్వంత లోటు కూడా జరగకూడదు. అయితే ఈ లాటరీ మాట చాలా ఉత్తరాల్లో కనిపించింది కాబట్టి దానికి కొంచెం వివరంగానే జవాబు చెప్పాలి.

రెండు మందుల్లో ఏది మంచిదో తెలిసి ఉండి కూడా వైద్యుడు చీటీ వేస్తే అది అన్యాయమే, అందులో సందేహం లేదు. తెలియనప్పుడు మాత్రం సంగతి వేరు. ప్రభుత్వాసుపత్రిలో రోగి ఏ రోజు చేరితే ఆ రోజు డ్యూటీలో ఉన్న యూనిట్ కిందికి వెళతాడు. ఒక యూనిట్ ప్రొఫెసరుగారికి ఒక మందు మీద నమ్మకం, పక్క యూనిట్ వారికి మరొక మందు మీద నమ్మకం. అదే జబ్బుతో సోమవారం చేరిన రోగికి ఒకటి పడుతుంది, మంగళవారం చేరిన రోగికి ఇంకొకటి పడుతుంది. ఆలోచించి చూస్తే ఇది కూడా లాటరీయే. కాకపోతే ఎవరికి నయమైందో, ఎవరికి కాలేదో ఎవరూ లెక్కగట్టరు కాబట్టి ఏళ్లు గడిచినా ఆ వార్డుకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అధ్యయనంలో వేసే చీటీకి లెక్క ఉంటుంది, పర్యవేక్షణ ఉంటుంది, ఒక మందు హాని చేస్తున్నట్టు కనిపిస్తే మధ్యలోనే ఆపివేసే ఏర్పాటు ఉంటుంది.

మందును డాక్టరే ఎంచుకుంటే ఏమవుతుందని మీరు అడగవచ్చు. తెలిసో తెలియకో అతను కొత్త మందును కాస్త కోలుకునేలా ఉన్నవారికో, లేదా ఏ ఆశా లేనివారికో ఇస్తాడు. చివరకు ఫలితం తేడాగా వచ్చినా అది మందు వల్ల వచ్చిందో, రోగుల స్థితి వల్ల వచ్చిందో తేలదు. ఎంపికను వైద్యుడి చేతి నుంచి తప్పించడానికి ఇదొక్కటే కారణం.

కోవిడ్ కాలాన్ని గుర్తు చేసుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. 2020లో బ్రిటన్‌లోని 176 ప్రభుత్వాసుపత్రుల వైద్యులు, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి నిర్వహణలో, వార్డుల్లో ఉన్న కోవిడ్ రోగులను ఇలాగే చీటీ పద్ధతిలో విభజించి మందులను పరీక్షించారు. అందులో డెక్సామెథాసోన్ ఒకటి. ఊళ్లోని ఏ మందుల దుకాణంలోనైనా కొద్ది రూపాయలకే దొరికే పాత స్టెరాయిడ్ అది. అప్పటికి సగం మంది వైద్యులు స్టెరాయిడ్ ప్రాణం కాపాడుతుందని, మిగతా సగం అది ప్రాణం తీస్తుందని వాదించుకుంటున్నారు. జూన్‌లో ఫలితం వచ్చింది. వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మామూలు వైద్యం మాత్రమే పొందినవారు 28 రోజుల్లో 41.4 శాతం మంది మరణిస్తే, ఈ మందు కూడా తీసుకున్నవారిలో 29.3 శాతం మంది మరణించారు. ఆక్సిజన్ అవసరం పడనివారికి మాత్రం దానివల్ల ప్రయోజనం కనిపించలేదు, సరికదా కొంత హాని ఉండవచ్చనిపించింది. అంటే వాదించుకుంటున్న రెండు వర్గాలూ కొంత నిజమే చెబుతున్నాయి. ఎవరికి మంచిది, ఎవరికి కాదు అన్నది ఎంత అనుభవం ఉన్న వైద్యుడైనా ఒంటరిగా కనిపెట్టగలిగేది కాదు.

అదే సంవత్సరం మన దేశంలో, కోవిడ్ నుంచి కోలుకున్నవారి రక్తం నుంచి తీసే ప్లాస్మా కోసం, దాని దాతల కోసం కుటుంబాలు ఎంత తిరిగాయో తెలుగువారికి చెప్పనక్కరలేదు. జాతీయ వైద్య పరిశోధన మండలి అయిన ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో 39 ఆసుపత్రుల వైద్యులు 464 మంది రోగులపై దానిని పరీక్షించారు. వ్యాధి ముదరడం లేదా మరణించడం అన్నది ప్లాస్మా ఎక్కించినవారిలో 19 శాతం, ఎక్కించనివారిలో 18 శాతం. తేడా లేదన్నమాట. 2020 అక్టోబరులోనే ఇది ప్రచురితమైనా ప్లాస్మాను జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుంచి తొలగించింది 2021 మేలో. ఈలోగా రెండో ఉధృతి వచ్చి, అప్పులు చేసి ప్లాస్మా కొన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పరిశోధన చేయడం ఒక ఎత్తు, దాని ఫలితాన్ని వినడం మరొక ఎత్తు.

ఇకముందు ఎవరైనా మిమ్మల్ని ఇలా అడిగితే ఒక్క ప్రశ్న వేయండి: "ఈ రెండింటిలో ఏది మంచిదో మీకు నిజంగా తెలియదా?" అని. తెలియదని, ఎందుకు తెలియదో కూడా కూర్చుని చెప్పగలిగిన వైద్యుడైతే అతని అధ్యయనం గురించి ఆలోచించవచ్చు. "కొత్త మందు చాలా బాగుంటుంది, చేరండి" అని ఊరించేవారైతే జాగ్రత్తపడండి. అంత బాగుంటుందని ముందే తెలిస్తే సగం మందికి ఇవ్వకుండా ఆపడం ఎందుకు?

ప్రశ్న: ప్రతి మందునూ ఇలా చీట్లు వేసే పరీక్షించాలా? యల్లాప్రగడ సుబ్బారావుగారి మందులను కూడా ఇలాగే పరీక్షించారా? (ఒక ఉపాధ్యాయుడు, భీమవరం)

జవాబు: లేదు, మీ ఊరిలో పుట్టిన ఆ మహానుభావుడి కథ ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూశారు. వారిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. 1948లో ఆ ఫలితాలను ప్రచురించినప్పుడు పోల్చి చూడడానికి మందు ఇవ్వని మరొక జట్టు ఆయన దగ్గర లేదు, అవసరమూ లేదు. ఆ రోజుల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలు కొద్ది వారాల్లో, మహా అయితే కొద్ది నెలల్లో చనిపోయేవారు. మందు ఇవ్వకపోతే ఏమవుతుందో ఖాయంగా తెలిసినప్పుడు సగం మందికి ఇవ్వకుండా చూడవలసిన పని లేదు. ఆ పిల్లల్లో జబ్బు మళ్లీ తిరగబెట్టింది, కానీ రక్త క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చునని మొదటిసారి రుజువైంది. దాని తరువాతి రూపమైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నాము.

సుబ్బారావుగారి పేరు మనవారికి తెలిసినంతగా ఫార్బర్ పేరు తెలియదు, అది సహజమే. కానీ ప్రయోగశాలలో తయారైన పదార్థం మందుగా మారాలంటే పడక పక్కన నిలబడి రోగిని చూసే వైద్యుడు ఒకడు ఉండి తీరాలి.

ప్రశ్న: పరిశోధనలు చేయడానికి మందుల కంపెనీలు ఉన్నాయి, పెద్ద పెద్ద సంస్థలు ఉన్నాయి. ఓపీలో రోగులు గంటలకొద్దీ నిలబడి ఉంటే ఆసుపత్రి డాక్టర్లకు ఈ పని ఎందుకు? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది, ఓపీ సంగతికి చివర వస్తాను. ముందు ఒక ప్రశ్న: లాభం రాని మందును ఏ కంపెనీ పరీక్షిస్తుంది?

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సకు ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి సర్జన్లకు వచ్చింది. పన్ను తీసేటప్పుడు తిమ్మిరి ఎక్కించడానికి ఇస్తారే, అదే మందు. కత్తి తగిలినప్పుడు గడ్డలోని కణాలు కదిలి శరీరంలోకి పాకుతాయేమో, తిమ్మిరి మందు ఆ కదలికను అడ్డుకుంటుందేమో అన్నది వారి ఊహ. దేశంలోని 11 ఆసుపత్రుల్లో దాదాపు 1,600 మంది మహిళలను చీటీ పద్ధతిలో రెండు జట్లుగా చేసి, ఏళ్ల తరబడి వారిని గమనించి 2023లో ఫలితం ప్రకటించారు. ఐదేళ్ల తరువాత ప్రాణాలతో ఉన్నవారు ఇంజెక్షన్ తీసుకున్న జట్టులో 90.1 శాతం, తీసుకోని జట్టులో 86.4 శాతం. ఇంకా ఇతర దేశాల్లోనూ పరీక్షించి నిర్ధారించుకోవలసిన విషయమే అయినా, వంద రూపాయలు కూడా ఖర్చుకాని ఒక ఇంజెక్షన్‌తో వందకు ముగ్గురు నలుగురు అదనంగా బతికే అవకాశం చిన్నది కాదు. ఈ అధ్యయనానికి డబ్బు పెట్టే కంపెనీ ప్రపంచంలో ఎక్కడా ఉండదు, ఎందుకంటే అమ్ముకోవడానికి అందులో ఏమీ లేదు.

అదే ఆసుపత్రి వైద్యులు ఇంకో అడుగు ముందుకు వేసి, కంపెనీకి నచ్చని ప్రశ్న కూడా అడిగారు. క్యాన్సర్‌పై శరీరపు సొంత రోగనిరోధక శక్తిని పనిచేయించే నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు మామూలుగా రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు ఇస్తారు. దాని ధర మన దేశంలో నూటికి తొంభై తొమ్మిది కుటుంబాలకు అందేది కాదని చెప్పడానికి లెక్కలు అక్కరలేదు. తల, మెడ భాగాల క్యాన్సర్ ముదిరిన రోగులకు, ఇతర మందులకు తోడుగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. ఏడాది తరువాత బతికి ఉన్నవారు ఆ మందు లేని జట్టులో 16.3 శాతం అయితే, ఇచ్చిన జట్టులో 43.4 శాతం. గుట్కా, ఖైనీ, పొగాకు కారణంగా నోటి క్యాన్సర్‌తో హైదరాబాద్‌లోని మన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే రోగులను చూసినవారికి ఈ అంకెల విలువ వేరుగా చెప్పాలా?

పాత ఉదాహరణ ఒకటి చెప్పి ముగిస్తాను. క్షయ వస్తే శానటోరియంలో నెలల తరబడి ఉంచడం తప్ప దారి లేదని ఒకప్పుడు నమ్మేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు మన తాతల తరానికి బాగా తెలుసు. మంచాలు కొద్ది, రోగులు లక్షలు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం 193 మంది రోగులను తీసుకుని, కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే ఒకే రకమైన మందులు ఇచ్చింది. ఇంటి దగ్గరివారు ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో, పని చేసుకుంటూ గడిపినవారు. అయినా ఏడాది తరువాత ఇరు జట్ల ఫలితాలూ దాదాపు సమానంగా వచ్చాయి. ఇంట్లో మిగిలినవారికి జబ్బు అంటుకోవడం కూడా పెరగలేదు. 1959లో ఇది ప్రచురితమయ్యాక ప్రపంచమంతటా శానటోరియంలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈనాడు క్షయ రోగి పీహెచ్‌సీలో మందులు తీసుకుని ఇంటికి వెళ్లిపోతున్నాడంటే దాని వెనుక ఆ అధ్యయనం ఉంది. మన పేదరికం నుంచి పుట్టిన ప్రశ్నను మనమే అడిగి, ధనిక దేశాలకు కూడా జవాబు చెప్పిన సందర్భం అది.

ఓపీ మాటకు వస్తే, రోగులను వదిలి పరిశోధన చేయమని నేను అనను. వైద్యుల ఖాళీ పోస్టులు నింపకుండా, ఉన్నవారి మీదే వైద్యం, బోధన, పరిశోధన మూడూ మోపి ఏదీ సరిగా జరగడం లేదని విచారించడం ప్రభుత్వాల పని. అధ్యయనాలకు ప్రత్యేకంగా నర్సులను, సమన్వయకర్తలను నియమించుకునే పద్ధతి టాటా మెమోరియల్ వంటి చోట్ల ఉంది కాబట్టే అక్కడ ఇవి సాధ్యమవుతున్నాయి.

ప్రశ్న: సంతకం పెట్టాక మధ్యలో మానుకోవచ్చా? ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? (ఒక పాఠకురాలు, నంద్యాల)

జవాబు: ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పవలసిన అవసరం కూడా లేదు. అయితే కొన్ని మందులను హఠాత్తుగా ఆపితే ప్రమాదం కాబట్టి మానే ముందు డాక్టరుతో మాట్లాడండి.

అధ్యయనం వల్ల హాని కలిగితే ఉచితంగా చికిత్స చేయించాలి. కొత్త ఔషధాల ప్రయోగాలకు 2019లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, ప్రయోగం కారణంగా మరణం సంభవిస్తే నష్టపరిహారాన్ని 8 లక్షల రూపాయలు మూలంగా తీసుకుని, వయసును, చేరేనాటికి ఉన్న ఆరోగ్య స్థితిని బట్టి గుణించి లెక్కగడతారు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న యువకుడి విషయంలో అది చాలా రెట్లు పెరుగుతుంది. నెల రోజుల్లో చనిపోయే అవకాశం 90 శాతానికి మించి ఉన్న రోగుల విషయంలో 2 లక్షలుగా నిర్ణయించారు. ఈ వివరాలు, ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్లు మీకు ఇచ్చే సమాచార పత్రంలో తెలుగులోనే ఉండాలి. పత్రం ప్రతి ఒకటి మీకు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా జిల్లాలో 2009లో హాస్టల్ పిల్లలకు టీకాలు వేసిన సంగతి ఇంకా ఎవరూ మరచిపోలేదు. అలాంటిది మళ్లీ జరగదని నమ్మకం ఏమిటి? చికిత్స చేసే డాక్టరే పరిశోధన చేస్తుంటే మాలాంటివాళ్లు ఆయన ముందు కాదని ఎలా అనగలరు? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: తెలియని పాఠకుల కోసం ఆ ఘటన గురించి రెండు మాటలు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లోను, గుజరాత్‌లోని వడోదరలోను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాలు వేశారు. పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ ఐసీఎంఆర్‌తోను రాష్ట్ర ప్రభుత్వాలతోను కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దానిని ఆపివేశారు. మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. అయితే 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక అంగీకారం తీసుకున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని అందులో ఉంది. ఇది ఆసుపత్రి వైద్యుల అధ్యయనం కాదు, పైగా ఆ టీకా మంచిదేనని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. అయినా మీ అనుమానం సరైనదే. మంచి టీకా అయినంత మాత్రాన కన్నవారిని అడగకుండా వేయవచ్చని ఎవరూ అనలేరు. అడవి పల్లెల నుంచి వచ్చి హాస్టల్‌లో చదువుకునే పిల్ల తరఫున వార్డెన్ పెట్టిన సంతకం సంతకమే కాదు.

నిబంధనలు 2013 తరువాత గట్టిపడ్డాయి. ప్రతి ఎథిక్స్ కమిటీ ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. కనీసం ఏడుగురు సభ్యుల్లో సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివారై ఉండాలి, అధ్యక్షుడు బయటివారై ఉండాలి, ఒక న్యాయ నిపుణుడు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్య వ్యక్తి తప్పనిసరి. చదువు రాని రోగి అయితే ఏ పక్షానికీ చెందని సాక్షి ఎదుట వివరించి, ఆ సాక్షి సంతకం కూడా తీసుకోవాలి. పూర్తిగా కొత్త మందుల ప్రయోగాల్లో బలహీన వర్గాల వారు పాల్గొంటే అంగీకారం తీసుకునే సంభాషణను వీడియో తీయాలి. ఇప్పటికే అనుమతి ఉన్న మందును కొత్త జబ్బుకో, కొత్త మోతాదులోనో పరీక్షించే వైద్యుల సొంత అధ్యయనాలకు ఢిల్లీలోని ఔషధ నియంత్రణాధికారి అనుమతి అక్కరలేదు, ఎథిక్స్ కమిటీ అనుమతి చాలు. ఈ వెసులుబాటు లేకపోతే చిన్న ఆసుపత్రుల్లో పరిశోధనే ఉండదు కాబట్టి ఇది మంచిదే. కానీ భారమంతా కమిటీ మీద పడుతుంది. కొన్ని కమిటీల సమావేశాల్లో ఒక్క పూటలో పదుల కొద్దీ పీజీ థీసిస్‌లు ఆమోదం పొందుతాయి. ఒక్కొక్కదానికి ఎన్ని నిమిషాలు దక్కుతాయో మీరే లెక్కవేసుకోండి. మొదట అడిగే ప్రశ్న, అంటే "దీనికి జవాబు నిజంగా తెలియదా?" అన్నది, ఆ హడావుడిలో వినబడదు.

ఇక మీ రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. తెల్లకోటు వేసుకున్న మనిషి అడిగితే కాదనడం మన దగ్గర మర్యాద కాదు. "మీరెలా చెబితే అలాగే బాబూ" అన్న మాట నేను వేల సార్లు విన్నాను. అది సమ్మతి కాదు, నమ్మకం. ఆ నమ్మకాన్ని అంగీకార పత్రంగా మార్చుకోవడం సులువు కాబట్టే అది ప్రమాదకరం. నా అభిప్రాయం చెబుతాను, నిబంధనల్లో ఇది తప్పనిసరి కాదు: చికిత్స చేసే వైద్యుడు అధ్యయనం గురించి పరిచయం చేయవచ్చు గానీ, వివరాలు చెప్పి సంతకం తీసుకునే పని ఆ రోగి వైద్యంతో సంబంధం లేని మరొకరు చేయాలి. అత్యవసరం కానప్పుడు ఒక రాత్రి గడువు ఇవ్వాలి. ఆ రాత్రి ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటారు. మర్నాడు వద్దని చెప్పడానికి వచ్చిన రోగి అదే డాక్టరు ముఖం చూడవలసిన అవసరం ఉండకూడదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎండీ జనరల్ మెడిసిన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. థీసిస్ రాయాలి గనుక రాస్తున్నాము. సీనియర్ల థీసిస్‌లో పేషెంట్ల సంఖ్య, సంవత్సరం మార్చి పెట్టేస్తున్నవారూ ఉన్నారు. రాత్రి డ్యూటీల మధ్య ఇంతకంటే ఏం చేయగలం సార్? (ఒక పీజీ, కాకినాడ)

జవాబు: నిజం రాసినందుకు సంతోషం. మీ ఒక్కరి పరిస్థితి కాదు ఇది. 2005 నుంచి 2014 వరకు దేశంలోని 579 వైద్య సంస్థల ప్రచురణలను లెక్కగట్టిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. వాటిలో 332 సంస్థల నుంచి, అంటే సగానికి పైగా సంస్థల నుంచి, ఆ పదేళ్లలో ఒక్క పత్రం కూడా రాలేదు. ఏడాదికి వంద దాటి ప్రచురించినవి 25 మాత్రమే, మొత్తం ప్రచురణల్లో 40 శాతం వాటివే. వైద్య కళాశాలల అధ్యాపకుల పదోన్నతికి పత్రాలు ఉండాలని ఆ తరువాత నిబంధనలు బిగించారు. దాని వల్ల పత్రాల సంఖ్య పెరిగింది, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికల సంఖ్యా పెరిగింది. పరిశోధన పెరిగిందా అంటే నాకు అనుమానమే.

సంఖ్య మార్చి పెట్టే థీసిస్ మోసం. అది మీ గైడుకు తెలుసు, మీకూ తెలుసు, ఇంతకంటే దానిపై చెప్పవలసింది లేదు. చేయగలిగినదాని గురించి మాట్లాడదాం.

మీ వార్డులో ఎక్కువగా కనిపించే కేసు ఏది? మీ జిల్లా సంగతి తెలిసినవాడిగా పురుగుల మందు తాగి వచ్చే కేసులు తక్కువ ఉండవని అనుకుంటున్నాను. వారికి అట్రోపిన్ అనే విరుగుడుతో పాటు పామ్ అనే మరో విరుగుడు ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్న దశాబ్దాలుగా నలుగుతోంది. మహారాష్ట్రలోని బారామతిలో ఒక ఆసుపత్రి వైద్యులు 200 మంది రోగులపై అధ్యయనం చేసి, పామ్‌ను ఎక్కువ మోతాదులో ఆపకుండా ఎక్కిస్తే మరణాలు 8 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయని 2006లో లాన్సెట్ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో ప్రచురించారు. మెట్రో నగరంలోని సంస్థ కాదది, ఒక పట్టణ ఆసుపత్రి. తరువాత శ్రీలంకలో 235 మంది రోగులపై చేసిన మరో అధ్యయనం, 2009లో, పామ్ వల్ల లాభం లేదని, మరణాలు ఇచ్చినవారిలోనే కొంత ఎక్కువగా ఉన్నాయని చెప్పింది. ఎవరిది సరి? తాగిన మందు ఏ రకం, ఎంతసేపటికి ఆసుపత్రికి తెచ్చారు, వెంటిలేటర్ ఉందా లేదా అన్నవాటిని బట్టి జవాబు మారుతుండవచ్చు. మీ వార్డులో రెండేళ్లపాటు ప్రతి కేసుకూ డబ్బా మీద ఉన్న పేరు, తాగిన సమయం, చేరిన సమయం, ఇచ్చిన మోతాదు, చివరి ఫలితం నిజాయితీగా రాసిపెడితే చాలు. చీటీలు వేయనక్కరలేదు, కొత్త మందు అక్కరలేదు. అలాంటి రికార్డు మన జిల్లాల నుంచి రావడం చాలా అవసరం.

పెద్ద సంస్థ లేకుండా పరిశోధన సాధ్యం కాదనిపిస్తే హిమ్మత్‌రావ్ బావస్కర్ గారి పని చదవండి. కొంకణ్ ప్రాంతంలోని మహాడ్‌లో, 1970లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన వైద్యుడాయన. ఎర్ర తేలు కుట్టి వచ్చినవారు, ముఖ్యంగా పిల్లలు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి కళ్లముందే చనిపోతుంటే, ప్రతి రోగి పక్కనా కూర్చుని గంటగంటకూ రక్తపోటు, నాడి, చేతుల చల్లదనం నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ రాతల నుంచే విషం గుండె మీద, రక్తనాళాల మీద ఏం చేస్తుందో గ్రహించి, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్ర ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఫలితాలను 1980లలోనే లాన్సెట్ ప్రచురించింది. ఇప్పుడు రాయలసీమ పల్లెలోని పీహెచ్‌సీలో తేలు కాటుకు ఆ మాత్రే ఇస్తున్నారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన మొదలుపెట్టేనాటికి ఆయన దగ్గర ఉన్నవి బీపీ మిషను, స్టెతస్కోపు, ఓపిక.

రాత్రి డ్యూటీల సంగతి నాకు తెలియక కాదు. అందుకే చిన్న ప్రశ్న ఎంచుకోమంటున్నాను. రెండేళ్లలో ఒక చిన్న ప్రశ్నకు నిజమైన జవాబు దొరికితే, "జవాబు తేలలేదు" అన్నదే ఆ జవాబు అయినా సరే, దానిని అలాగే రాయండి. గైడు ఒప్పుకోకపోతే నాకు ఉత్తరం రాయండి, వారితో వాదించడానికి కావలసిన సామగ్రి పంపుతాను.

ప్రశ్న: రెండేళ్ల క్రితం మా అమ్మ ఒక అధ్యయనంలో చేరింది. దాని ఫలితం ఏమైందో ఎవరూ చెప్పలేదు. తెలుసుకోవడానికి దారి ఉందా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: ఉంది. మన దేశంలో ఇలాంటి అధ్యయనాల వివరాలు నమోదు చేయడానికి ఐసీఎంఆర్ 2007లో ఒక బహిరంగ రిజిస్ట్రీని ప్రారంభించింది. దాని పేరు సీటీఆర్ఐ. కొత్త మందుల ప్రయోగాలకు 2009 నుంచి నమోదు తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేస్తేనే స్వీకరిస్తున్నారు. ఫలితం చూశాక ప్రశ్నను మార్చుకునే చెడ్డ అలవాటును అరికట్టడానికి ఈ జాగ్రత్త తీసుకున్నారు. ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు.

మీ అమ్మగారికి ఇచ్చిన సమాచార పత్రం బయటికి తీయండి. సీటీఆర్ఐ అన్న అక్షరాలతో మొదలై సంవత్సరం, నెల, వరుస సంఖ్యతో ఉండే నమోదు సంఖ్య దానిమీద ఉంటే రిజిస్ట్రీలో ఆ సంఖ్య కొట్టి చూడండి. అధ్యయనం ముగిసిందా, కొనసాగుతోందా, బాధ్యుడైన వైద్యుడు ఎవరు అన్నవి కనిపిస్తాయి. పత్రం దొరకకపోతే ఆసుపత్రి పేరు, జబ్బు పేరుతో వెతకవచ్చు. ఫలితాలు అక్కడ పెట్టనివారే ఎక్కువ, అది రిజిస్ట్రీకి ఉన్న పెద్ద లోపం. అప్పుడు ఆ ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శికి, మీ అమ్మగారు చేరిన తేదీ, అధ్యయనం పేరు రాసి, ఫలితం తెలుపమని తెలుగులోనే ఒక ఉత్తరం పంపండి. ప్రభుత్వాసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.